పూటకూళ్ల ఇంటి బిడ్డ ఆంధ్రకేసరి

మే నెల ఎండ ఎట్లా ఉంటుందో కోస్తా పల్లెల వారికి వేరే చెప్పనక్కర లేదు. పొద్దు నెత్తి మీదికి రాకముందే పశువులు చెట్ల నీడకు చేరుతాయి. ఉప్పు కొటారుల్లో పనివాళ్లు తెల్లవారుజామునే పని ముగించుకొంటారు. అటువంటి ఎండల్లో 1957వ సంవత్సరంలో ఎనభై నాలుగేళ్ల వృద్ధుడొకరు ఒంగోలు ప్రాంతంలో హరిజనవాడలు చూడబోయారు. వడదెబ్బ తగిలింది. హైదరాబాదు తరలించి ఆసుపత్రిలో చేర్పించారు. మే 20వ తేదీన ఆ వృద్ధుడు కన్నుమూశారు. ఆయనే టంగుటూరి ప్రకాశం పంతులు. బారిస్టరుగా లక్షలు గడించి, స్వరాజ్యం కోసం జైళ్లలో ఏళ్లు గడిపి, మదరాసు రాష్ట్రానికి ప్రధానమంత్రిగా, ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రిగా పనిచేసిన మనిషి. పోయేనాటికి ఆయనకు చెప్పుకోదగ్గ ఆస్తి లేదు.

పంతులుగారిని ఒంగోలు వారు తమవాడంటారు. రాజమహేంద్రవరం వారూ తమవాడే అంటారు. నెల్లూరు వారికి కూడా ఆ హక్కు ఉన్నదన్న సంగతి చాలామందికి గుర్తుండదు. ఆయన 1872 ఆగస్టు 23న ఒంగోలుకు పదహారు మైళ్ల దూరంలోని వినోదరాయునిపాలెంలో పుట్టారు. గుంటూరు జిల్లా ఏర్పడింది 1904లో. అంతవరకు ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనిదే. నెల్లూరు కలెక్టరు గారి అధికారం కిందనే ఆయన బాల్యమంతా జరిగింది. తండ్రి గోపాలకృష్ణయ్య, తల్లి సుబ్బమ్మ. నియోగి కుటుంబం. పేరుకు పెద్ద ఇల్లే గాని చేతిలో పైకం ఆడేది కాదు.

ప్రకాశానికి పదకొండో ఏట తండ్రి పోయారు. పిల్లలను పెట్టుకొని సుబ్బమ్మగారు దిక్కులేనిది అయింది. పల్లెలో ఉంటే బంధువుల పంచన పడి ఉండాలి. పిల్లలకు చదువు రాదు. ఆమె ధైర్యం చేసి ఒంగోలు చేరి పూటకూళ్ల ఇల్లు పెట్టింది. ఆ రోజుల్లో ఆ వృత్తిని సంప్రదాయ కుటుంబాల వారు చులకనగా చూసేవారు. కోర్టు పనుల మీద వచ్చే కక్షిదారులకు, బజారు పనుల మీద వచ్చే పల్లెటూరి వారికి వండి వడ్డించి, వారిచ్చిన అణాలతో పిల్లలకు పుస్తకాలు కొన్నది. తరువాతి కాలంలో పంతులుగారు ఎంత ఎత్తుకు ఎదిగినా ఈ సంగతి దాచుకోలేదు. తన జీవిత చరిత్రలో స్వయంగా వ్రాసుకొన్నారు.

చిన్నతనంలో ఆయన బుద్ధిమంతుడైన విద్యార్థి ఏమీ కాదు. వల్లూరు, నాయుడుపాలెం, అద్దంకి, ఒంగోలు ఇట్లా ఊళ్లు మారుతూ చదువు సాగింది. అల్లరి మూకలతో తిరుగుడు, వీధి తగాదాలు, నాటకాల పిచ్చి. మంచి రూపు ఉండడంతో ఆడవేషాలు కట్టేవారు. ఈ పిల్లవాడు చెడిపోతాడని ఊరివారు అనుకొనే దశలో ఒక గురువు కంటపడ్డారు. ఆయన ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు, ఒంగోలు మిషన్ స్కూలు ఉపాధ్యాయులు. నాటకాలంటే ఆయనకూ ప్రీతి. కులం వేరు, కుటుంబం వేరు అయినా ప్రకాశాన్ని సొంత బిడ్డలా చేరదీశారు. తండ్రి లేని ఆ పిల్లవాడికి తండ్రి స్థానంలో నిలిచినవారు ఆయనేనని చెప్పాలి.

మిడిల్ పరీక్ష ఫీజు కథ ఈ ప్రాంతంలో పెద్దలు తరచు చెప్పుకొనేదే. ఫీజు మూడు రూపాయలు. ఇంట్లో ఆ మూడు రూపాయలు లేవు. కుర్రవాడు అద్దంకిలో ఉన్న బావగారిని అడుగుదామని కాలినడకన బయలుదేరాడు. అప్పటికి ఈ ప్రాంతానికి రైలు లేదు. బండి కట్టించుకొనే స్తోమతు లేదు. అంత దూరం నడిచి వెళితే అక్కడా డబ్బు దొరకలేదు. తిరిగి అంత దూరమూ నడిచి వచ్చాడు. చివరకు తల్లి తన పట్టుచీర తాకట్టు పెట్టి ఆ మూడు రూపాయలు తెచ్చి ఇచ్చింది.

నాయుడుగారు రాజమహేంద్రవరానికి మకాం మారుస్తూ ప్రకాశాన్ని వెంట తీసుకుపోయారు. అక్కడ చదువు, నాటకాలు రెండూ సాగాయి. తరువాత మదరాసులో లా చదివి సెకండు గ్రేడు ప్లీడరు పరీక్ష ప్యాసయ్యారు. ప్లీడరు కావాలన్నది చిన్ననాటి పట్టుదల. పూటకూళ్ల ఇంటికి భోజనానికి వచ్చే వారిలో కోర్టు మనుషులు ఎక్కువ కదా. కోర్టు ఒక ఇంటిని నిలబెట్టగలదని, ఒక ఇంటిని కూల్చగలదని ఆ పిల్లవాడు విస్తరి దగ్గర కూర్చున్న కక్షిదారుల మాటల్లోనే విని ఉంటాడు.

కొద్దికాలం ఒంగోలులో, ఆపైన 1894 నుంచి రాజమహేంద్రవరంలో ప్రాక్టీసు చేశారు. సివిలు, క్రిమినలు రెండింటిలోను చేయి తిరిగినవాడని పేరు వచ్చింది. రాబడి పెరిగింది. మున్సిపల్ రాజకీయాల్లో దిగి 1904 నాటికి రాజమహేంద్రవరం పురపాలక సంఘం అధ్యక్షులయ్యారు. అప్పటికి వయస్సు ముప్పై ఒకటి మాత్రమే.

అయితే సెకండు గ్రేడు ప్లీడరుకు ఒక హద్దు ఉన్నది. పై కోర్టుల్లో లేచి వాదించే అర్హత లేదు. తన కేసునే మదరాసు హైకోర్టుకు తీసుకుపోయి అక్కడ మరొకరి చేతిలో పెట్టాలి. అటువంటి ఒక సందర్భంలో ఒక తెల్ల బారిస్టరు ఈయన తయారుచేసుకొన్న తీరు చూసి, ఇంగ్లండు వెళ్లి బారిస్టరు చదవమని సలహా ఇచ్చాడు. ఆ మాట మనసులో నాటుకొన్నది. సముద్రం దాటడం శాస్త్రవిరుద్ధమని బంధువర్గం. తల్లి కూడా భయపడింది. మాంసం ముట్టనని, మద్యం తాగనని, పొగ తాగనని ఆమెకు మాట ఇచ్చి 1904లో ఓడ ఎక్కారు. ఆ మాట నిలుపుకొన్నారు కూడా. లండన్‌లో ఉన్న రోజుల్లోనే పార్లమెంటుకు పోటీ చేసిన దాదాభాయి నౌరోజీ తరఫున ఎన్నికల పనిలో తిరిగారు. యోగ్యతాపత్రంతో పట్టా పుచ్చుకొని 1907లో తిరిగి వచ్చారు.

మదరాసు హైకోర్టులో

మదరాసు హైకోర్టులో అప్పటికి మైలాపూరు వకీళ్లదే హవా. ఎక్కడో ఒంగోలు పూటకూళ్ల ఇంటి నుంచి వచ్చిన తెలుగువాడు వారి మధ్య నెగ్గుకు రాగలడని ఎవరూ అనుకోలేదు. కొద్ది ఏళ్లలోనే ప్రకాశంగారు ముందు వరుసలో నిలబడ్డారు. ‘లా టైమ్స్’ అనే న్యాయవాదుల పత్రికను నడిపారు. 1911లో తిరునల్వేలి కలెక్టరు ఆష్‌ను మణియాచ్చి రైల్వే స్టేషనులో కాల్చి చంపిన కేసు దేశమంతటా అలజడి లేపింది. తెల్ల కలెక్టరును చంపిన కేసు. అందులో ముద్దాయిల తరఫున వాదించిన న్యాయవాదులలో ప్రకాశంగారు ఒకరు. అంతకుముందు 1907లోనే బిపిన్ చంద్రపాల్ మదరాసులో ఉపన్యాసాలివ్వడానికి వచ్చినప్పుడు, సర్కారుకు కంటగింపు అవుతామని పెద్దలు జంకుతుంటే ఈయన ముందుకు వచ్చి సభకు అధ్యక్షత వహించారు. పై పై మెట్లు ఎక్కుతున్న బారిస్టరుకు అది లాభించే పని కాదు. ఆయన లెక్క వేరు.

ఫీజుల రూపేణా లక్షలు వచ్చాయి. మదరాసులో ఇళ్లు, ఊటీలో బంగళా. అవన్నీ ఎట్లా పోయాయో చెప్పడమే ఆయన మిగిలిన జీవితం చెప్పడం.

1920లో గాంధీజీ సహాయ నిరాకరణకు పిలుపు ఇచ్చారు. 1921 ఏప్రిల్ 7న నెల్లూరు దగ్గర పల్లెపాడులో, పెన్న ఒడ్డున, పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని గాంధీజీ ప్రారంభించారు. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య దానిని నిలబెట్టినవారు. కోర్టులను బహిష్కరించమన్న పిలుపు వినగానే చాలామంది న్యాయవాదులు ఆరు నెలలకో ఏడాదికో ప్రాక్టీసు మానుకొని, తరువాత మెల్లగా నల్లకోటు తిరిగి తొడుక్కొన్నారు. ప్రకాశంగారు మానుకొన్నది మానుకొన్నదే. అప్పటికి వయస్సు నలభై తొమ్మిది. ప్రాక్టీసు శిఖరాన ఉన్న సమయం. ఒక సంసారి, పిల్లల తండ్రి, ఇంత రాబడిని ఒక్కరోజులో వదులుకోవడమంటే ఇంట్లోవారి గతి ఏమిటని ఎవరైనా అడగవచ్చు. ఆయన భార్య హనుమాయమ్మగారు, పిల్లలు ఆ ప్రశ్నకు జవాబును తమ జీవితాలతోనే చెల్లించారు.

ఆ అక్టోబరు 29న మదరాసులో ‘స్వరాజ్య’ దినపత్రిక పెట్టారు. ఇంగ్లీషుతో పాటు తెలుగు, తమిళ భాషల్లో కూడా నడిపారు. సర్కారు ప్రకటనలు రావు. వ్యాపారస్తులు జంకుతారు. జనం దగ్గర వాటాలు పోగుచేసి, చాలనిచోట తన సొమ్ము పోశారు. అది చాలకపోతే ఆస్తి అమ్మారు. జీతాలు సరిగా ఇవ్వలేకపోయినా ఉత్సాహవంతులైన కుర్రవాళ్లు అందులో పనిచేయడానికి ఎగబడ్డారు. మన కావలిలో పుట్టిన ఖాసా సుబ్బారావు పత్రికా రచయితగా పేరు గడించింది అక్కడి నుంచే. కోటంరాజు రామారావు కూడా ఆ ఇంటివారే. పత్రిక పన్నెండు పదమూడేళ్లు ఈదులాడి చివరకు మూతపడింది. వాటాదారుల సొమ్ము పోయింది. వారిలో పల్లెటూళ్ల మధ్యతరగతి వారు ఎందరో ఉన్నారు. పంతులుగారి మీద వచ్చిన నిందల్లో ఇది ఒకటి. దీనిని కప్పిపుచ్చడం న్యాయం కాదు. అయితే వారందరి కంటె ఎక్కువ పోగొట్టుకొన్నది ఆయనే అన్నది కూడా నిజమే.

ఆ 1921లోనే మలబారులో మాప్పిళ్లల తిరుగుబాటు జరిగితే, పోవద్దన్న ఆంక్షలు ఉన్నా లెక్కచేయక అక్కడి పరిస్థితులు చూడబోయారు. ఊటీ ఆస్తి జప్తు అయింది. ఆ మరుసటి ఏడు పంజాబులో అకాలీల సత్యాగ్రహం చూసి వచ్చారు. ఎక్కడ లాఠీ లేస్తే అక్కడికి పోయే స్వభావం.

హైకోర్టు ముందు తుపాకి

1928 ఫిబ్రవరి 3. సైమన్ కమిషను బొంబాయిలో దిగిన రోజు. ఒక్క భారతీయుడైనా లేని ఆ కమిషనును నిరసిస్తూ దేశమంతా హర్తాళ్. మదరాసులో హైకోర్టు పక్కన ప్యారీస్ మూల దగ్గర జనం కిక్కిరిశారు. పోలీసులు కాల్చారు. ఒకడు పడిపోయాడు. శవాన్ని చూడనివ్వకుండా పోలీసులు దారి కట్టారు. ప్రకాశంగారు ముందుకు నడిచారు. అడుగు వేస్తే కాలుస్తామని తుపాకి ఎత్తారు. ఆయన చొక్కా విప్పి రొమ్ము చూపి, దమ్ముంటే కాల్చమన్నారు. పక్కనున్న ఒక ముస్లిం పోలీసులతో, ఆయనను కాల్చే ముందు తమను కాల్చాలని అడ్డుపడ్డాడని చెబుతారు. తుపాకి దించి పోలీసులు దారి ఇవ్వవలసి వచ్చింది. ఎన్నో ఏళ్లు నల్లకోటుతో నడిచిన హైకోర్టు వాకిలి అది. అక్కడే ఆయన ఆంధ్రకేసరి అయ్యారు.

1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. అది కోస్తా వారి సొంత పోరాటం. ఇటు ఇసకపల్లి నుంచి అటు కనుపర్తి దాకా, తలుపు తీస్తే సముద్రం. కొటారులో ఉప్పు తెల్లగా మెరుస్తుంటుంది. కాని పిడికెడు తీసుకొంటే నేరం. సముద్రం పక్కన ఉన్నవాడు కూడా పన్ను కట్టిన ఉప్పే గంజిలో వేసుకోవాలి. ప్రకాశంగారు కేంద్ర శాసనసభ సభ్యత్వానికి రాజీనామా ఇచ్చి చట్టాన్ని ధిక్కరించారు. జైలుకు పోయారు. ఒంగోలు దగ్గర దేవరంపాడు ఉప్పు సత్యాగ్రహ శిబిరంగా ఆ రోజుల్లో పేరు పొందింది. తరువాత 1940-41లో వ్యక్తి సత్యాగ్రహం. 1942లో క్విట్ ఇండియా. డెబ్భై ఏళ్ల వయస్సులో జైలులో పడి మూడేళ్లు గడిపి 1945లో బయటికి వచ్చారు.

వెంకటగిరి రైతుల గోడు

నెల్లూరు జిల్లా రైతు పంతులుగారికి రుణపడిన సంగతి మరొకటి ఉన్నది. ఇది తుపాకి కథంత జోరుగా ఉండదు. కాగితాల కథ. కాని పల్లెలో బ్రతుకు మారేది తరచు కాగితాల మీదనే.

1937లో రాజాజీ మంత్రివర్గంలో ప్రకాశంగారు రెవిన్యూ మంత్రి అయ్యారు. జమీందారీ రైతుల స్థితి విచారించడానికి వేసిన సంఘానికి అధ్యక్షులు ఆయనే. మన జిల్లాలో వెంకటగిరి జమీ ఎంత పెద్దదో తెలిసిందే. శిస్తు ఎక్కువ. పశువులు మేస్తే పుల్లరి. అడవిలో కట్టె కొడితే రుసుము. చెరువు కట్ట తెగితే మరమ్మతు ఎవరిదన్న తగాదా తేలేసరికి పైరు ఎండిపోయేది. నెల్లూరు వెంకట్రామానాయుడుగారు ‘జమీన్ రైతు’ పత్రిక పెట్టి ఈ గోడునే వారం వారం అచ్చు వేశారు. వెంకటగిరి రైతులు సభలు పెట్టి, మహజర్లు ఇచ్చి అలసిపోయి ఉన్నారు.

ప్రకాశం సంఘం జిల్లాలు తిరిగి రైతుల నుంచి, జమీందారుల నుంచి సాక్ష్యాలు పుచ్చుకొన్నది. కోర్టులో సాక్షిని ప్రశ్నించిన బారిస్టరు బుర్ర ఇక్కడ అక్కరకు వచ్చింది. సన్నదులు, శాశ్వత పరిష్కారం నాటి రికార్డులు, హైకోర్టు తీర్పులు అన్నీ తిరగవేశారు. 1938లో సంపుటాలకు సంపుటాలుగా నివేదిక వెలువడింది. దాని సారం రైతుకు ఒక్క ముక్కలో చెప్పవచ్చు. భూమికి యజమాని రైతు. జమీందారు శిస్తు వసూలు చేసి సర్కారుకు కట్టే మధ్యవర్తి మాత్రమే. 1802లో శాశ్వత పరిష్కారం నాటికి ఉన్న శిస్తును మించి పెంచడానికి అతనికి హక్కు లేదు. నూటముప్పై ఆరేళ్లుగా దొరవారి భూమిని దున్నుకొంటున్నామని తలవంచుకొన్న రైతుకు, భూమి నీదేనని ఒక సర్కారు మంత్రి సంతకం చేసి చెప్పడం చిన్న సంగతి కాదు.

చట్టం రాకముందే 1939 అక్టోబరులో యుద్ధం వంకన కాంగ్రెసు మంత్రివర్గాలు దిగిపోయాయి. నివేదిక బీరువాలో పడింది. 1947లో శిస్తు తగ్గింపు చట్టం, 1948లో జమీందారీ రద్దు చట్టం వచ్చాయి. రద్దు చట్టం వచ్చేనాటికి ప్రకాశంగారు గద్దె మీద లేరు. పట్టా చేతికి అందిన రైతులలో ఈ దారి మొదట ఎవరు వేశారో తెలిసినవారు కొద్దిమందే. ఆ తరం దాటిన తరువాత అదీ లేదు.

1946 ఏప్రిల్ 30న ఆయన మదరాసు రాష్ట్ర ప్రధానమంత్రి అయ్యారు. ముఖ్యమంత్రిని ఆ రోజుల్లో అట్లానే పిలిచేవారు. ఆ పదవి అంత సులువుగా రాలేదు. గాంధీజీ, రాజాజీ ఇద్దరికీ ఆయన నాయకత్వం సమ్మతం కాదు. ప్రజలు సన్మానాలు చేసి ఇచ్చిన పర్సులను సొంత ఖర్చులకు వాడుకొన్నారని గాంధీజీ బహిరంగంగానే తప్పుపట్టారు. ప్రకాశంగారి జవాబు దాపరికం లేనిది. ఆస్తి అంతా దేశానికి పోయింది, ప్రాక్టీసు వదిలేశాను, నా పోషణకే జనం ఇచ్చారు, తీసుకొన్నాను అన్న ధోరణి. ఎవరిది న్యాయమో నేటికీ వాదించుకోవచ్చు. గాంధీజీ చెప్పిన కొలబద్ద గొప్పదే. కాని పూటకూళ్ల ఇంట పెరిగినవాడికి, జనం పెట్టిన అన్నం తినడంలో సిగ్గు కనపడలేదంటే ఆశ్చర్యం ఏముంది.

ఆ మంత్రివర్గం పదకొండు నెలలే ఉన్నది. కొత్త నూలు మిల్లులు వద్దని, రాట్నం, చేనేత నిలబడాలని పట్టుబట్టారు. ఫిర్కా అభివృద్ధి పథకం పల్లెలకు తెచ్చారు. ఉత్పత్తిదారుల సహకార సంఘాలు పెట్టించారు. మిల్లుల వారు, మధ్య దళారులు, సొంత పార్టీలోని ముఠాలు ఒక్కటయ్యాయి. 1947 మార్చి 23న దిగిపోయారు. దిగజార్చినవారు సొంత పార్టీవారే. ఆయనలో లోపం లేదని కాదు. ఎవరి మాటా వినిపించుకోరు, తోచింది చేస్తారు, కూడగట్టుకోవడం చేతకాదు అని మిత్రులే అనేవారు. కోర్టులో ఒంటరిగా వాదించి నెగ్గవచ్చు. శాసనసభలో ఒంటరివాడు నెగ్గడు.

1948లో హైదరాబాదు సంస్థానంలో రజాకార్లు చెలరేగుతుంటే, పోవద్దని పైవారు చెప్పినా వినక వెళ్లి కాశిం రజ్వీని ఎదురుగా కలిసి మాట్లాడి వచ్చారు. అప్పటికి డెబ్భై అయిదేళ్లు. 1951లో కాంగ్రెసునుంచి బయటికి వచ్చారు. ముప్పై ఏళ్లు తిన్న దెబ్బలన్నీ ఆ పార్టీ కోసమే తిన్నవాడు అట్లా బయటికి రావడం చూసి ఎందరో కంటతడి పెట్టారు.

ప్రత్యేకాంధ్ర ఉద్యమం పతాకస్థాయికి చేరింది. నెల్లూరులో హరిజనుల దేవాలయ ప్రవేశం కోసం మూలపేట వేణుగోపాలస్వామి గుడి దగ్గర నిరాహారదీక్ష చేసిన పొట్టి శ్రీరాములుగారు 1952 అక్టోబరు 19న మదరాసు మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారి ఇంట ఆమరణ దీక్షకు కూర్చున్నారు. యాభై ఎనిమిదో రోజు, డిసెంబరు 15న, ప్రాణం వదిలారు. నెల్లూరు మొదలుకొని కోస్తా అంతా భగ్గుమన్నది. నాలుగు రోజులకు నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించారు. మదరాసు నగరం మాత్రం దక్కలేదు. ఆ నగరంలోనే పేరు, సంపద, పోరాటం అన్నీ చూసిన ప్రకాశంగారికి అది తీరని కొరత.

1953 అక్టోబరు 1న కర్నూలులో ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. ముఖ్యమంత్రి ఎవరన్న ప్రశ్నకు అన్ని పక్షాల వారికీ ఒకే పేరు కనపడింది. కాంగ్రెసులో లేని ఎనభై ఒకటేళ్ల వృద్ధుణ్ణి కాంగ్రెసువారే బతిమాలి గద్దె ఎక్కించారు. నీలం సంజీవరెడ్డిగారు ఉపముఖ్యమంత్రి. కచేరీలకు సరిపడే భవనాలు లేవు, డేరాల్లో పనిచేశారు. పదమూడు నెలల పాలన. ఆ కొద్దికాలంలో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో ప్రారంభమైంది. అంతకుముందు పై చదువంటే మదరాసుకో వాల్తేరుకో పోవలసిన నెల్లూరు జిల్లా పిల్లలకు అది దగ్గరైంది. 2008లో జిల్లాకు సొంత విశ్వవిద్యాలయం వచ్చేవరకు మన కాలేజీలన్నీ దాని కిందనే ఉన్నాయి. 1954 జూలైలో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు వెలిసింది. ఒకనాడు తన కేసులో తాను లేచి వాదించలేక మదరాసుకు పోయిన సెకండు గ్రేడు ప్లీడరు, ముఖ్యమంత్రిగా తెలుగువారికి హైకోర్టు తెచ్చారు. 1952 వరదలకు తెగిన విజయవాడ పాత ఆనకట్ట స్థానంలో కొత్త బ్యారేజి పని కూడా ఆయన హయాంలోనే మొదలైంది.

1954 నవంబరులో మద్యనిషేధం సమస్య మీద అవిశ్వాస తీర్మానం వచ్చింది. నిషేధం వల్ల గీత కార్మికులు వృత్తి పోయి అల్లాడుతున్నారు. ఎత్తివేయాలని విచారణ సంఘం చెప్పింది. గాంధీజీ శిష్యుడు ఎత్తివేయలేరు, ఆకలిగొన్నవాడికి జవాబు చెప్పకుండానూ ఉండలేరు. ఓట్లు లెక్కపెట్టారు. ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. రాష్ట్రపతి పాలన వచ్చింది. 1955 మధ్యంతర ఎన్నికల తరువాత మన బుచ్చిరెడ్డిపాలెం బిడ్డ బెజవాడ గోపాలరెడ్డిగారు ముఖ్యమంత్రి అయ్యారు.

పదవి పోయిన తరువాత పంతులుగారికి విశ్రాంతి తీసుకోవడం తెలియదు. తన జీవిత కథను ‘నా జీవిత యాత్ర’ అన్న పేరుతో వ్రాశారు. మూడు భాగాలు ఆయనవి. మిగిలిన కథ తెన్నేటి విశ్వనాథంగారు నాలుగో భాగంగా పూర్తిచేశారు. తల్లి పూటకూళ్ల ఇల్లు, తాను చేసిన అల్లరి, చేసిన అప్పులు, ఎవరి మీద కోపం, ఎవరి మీద ప్రేమ అన్నీ ఉన్నది ఉన్నట్లు అందులో ఉన్నాయి. మేజా మీద ఫైళ్లు పోయినా ఊళ్లు తిరగడం మానలేదు. ఎవరు పిలిస్తే వారింటికి వెళ్లడం, పెట్టింది తినడం, ఫిర్యాదు విని ఎవరికో ఒక ఉత్తరం వ్రాసి పంపడం. బారిస్టరు పంతులు వచ్చారంటే పల్లెల్లో అరుగుల మీద జనం చేరేవారు. వారిలో చాలామందికి ఆయన మంత్రిగా ఏమి చేశారో తెలియదు. తమకోసం అంతా పోగొట్టుకొన్న పెద్దాయన అని మాత్రం తెలుసు. కొడుకుకు, మనుమడికి ప్రకాశం అని పేరు పెట్టుకొన్న ఇళ్లు కోస్తాలో కొల్లలు.

తన కన్నపిల్లలకు ఆయన ఇల్లు వాకిలి ఏమీ మిగల్చలేదు. మామూలు తండ్రుల లెక్కలో అది తప్పే.

ఆ చివరి వేసవిలో కూడా ఎండ తగ్గేవరకు ఆగమని చెప్పినవారు ఉండే ఉంటారు. ఆగలేదు. ఒంగోలు పూటకూళ్ల ఇంటి నుంచి బయలుదేరిన మనిషి ఆఖరిసారి నడిచిన వీధులు, ఆ ఒంగోలు ప్రాంతంలోని హరిజనవాడ వీధులే అయ్యాయి. ఆ ఏడే డిసెంబరులో విజయవాడ బ్యారేజి ప్రారంభమైంది. దానికి ఆయన పేరు పెట్టారు. 1970 ఫిబ్రవరి 2న గుంటూరు జిల్లా నుంచి ఒంగోలు ప్రాంతాన్ని, నెల్లూరు జిల్లా నుంచి కందుకూరు ప్రాంతాన్ని, కర్నూలు జిల్లా నుంచి మార్కాపురం ప్రాంతాన్ని విడదీసి ఒంగోలు జిల్లా ఏర్పాటు చేశారు. 1972 డిసెంబరులో, ఆయన పుట్టి నూరేళ్లు నిండిన సంవత్సరంలో, ఆ జిల్లాకు ప్రకాశం జిల్లా అని పేరు మార్చారు.